సన్నగా ఉందని సంగటి పెంచకండి

(అనంతపురంలో కుక్కలు పెంచేవాళ్ల కోసం ఒక ఆదివారం ఉదయం జరిగిన సమావేశంలో ఒక పశువైద్యుడు చేసిన ప్రసంగం. చివర్లో సభలోవాళ్లు అడిగిన ప్రశ్నలు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో కొందరు కుక్కలతో సహా వచ్చినారు, వాటికీ నమస్కారం. ఫ్యాను కింద చోటు వాటికివ్వండి, మనుషులం ఎట్లాగో తట్టుకుంటాం. (నవ్వులు)

నన్ను గ్రేహౌండ్ అనే సన్నటి పరుగు కుక్క గురించి మాట్లాడమన్నారు. ఈ కుక్కను రోడ్డు మీదికి తీసుకుపోయిన ప్రతి ఒక్కరికీ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "ఏమప్పా, దీనికి తిండి పెట్టవా?" పక్కింటి అవ్వ జాలిపడి గోడ మీద నుంచి ఒక సంగటి ముద్ద వేస్తుంది. అవ్వ వేసిందే అని యజమానికి సిగ్గేసి రెండో ముద్ద తనే వేస్తాడు. కొన్ని నెలలకు కుక్క గుండ్రంగా తయారవుతుంది. ఊరంతా మెచ్చుకుంటుంది. దాని కీళ్లు మాత్రం మెచ్చుకోవు.

నేను చెప్పేదంతా ఈ సంగటి ముద్ద చుట్టే తిరుగుతుంది. గ్రేహౌండ్‌ను మిగతా కుక్కల లెక్కతో కొలవకూడదు. తిండి, ఎండ, మత్తుమందు, రక్తపరీక్ష, అన్నిటికీ దాని లెక్క వేరు. జొన్నచేనుకి వరి లెక్కన నీళ్లు కడితే ఏమవుతుందో మీకు నేను చెప్పాల్సిన పని లేదు.

ముందు ఒళ్లు ఎట్లుంటుందో చూద్దాం. మగ కుక్క భుజం దగ్గర కొలిస్తే 70 సెంటీమీటర్లు దాటుతుంది, బరువు 30 నుంచి 40 కిలోల మధ్య. ఆడది కొంచెం తక్కువ. ఆ బరువులో సగానికి పైగా కండే. చర్మం కింద కొవ్వు చాలా తక్కువ, చర్మం పలుచన, బొచ్చు పొట్టిగా ఒకే పొర. లోపల మెత్తటి బొచ్చు ఉండదు. పరుగందుకుంటే ఒక్కో అంగలో రెండుసార్లు నాలుగు కాళ్లూ నేలను వదిలేస్తాయి. వేగం గంటకు 60 కిలోమీటర్లు దాటుతుంది, మంచి కుక్క 70 దగ్గరికి పోతుంది. ఇంగ్లండ్ రేసుల్లో 480 మీటర్ల దూరాన్ని అర నిమిషం లోపల ముగిస్తాయి. అర నిమిషం అంతే. ఆ తర్వాత దానికి కావాల్సింది పరుపు. రోజుకు పదహారు పద్దెనిమిది గంటలు పడుకునే జంతువు ఇది. "సార్, కుక్క డల్‌గా ఉంది, ఎప్పుడు చూసినా నిద్రే" అని తీసుకొస్తారు. డల్ కాదు, అది గ్రేహౌండ్.

తిండి సంగతి. చివరి రెండు మూడు పక్కటెముకలు లీలగా కనబడాలి. నడుము దగ్గర ఎముకల కొసలు తెలియాలి. అది ఆరోగ్యం. వెన్నెముక పక్కన గుంటలు పడి, తొడల కండ కరిగిపోయినట్టుంటే అప్పుడు బక్కచిక్కినట్టు. ఈ రెంటికీ తేడా కంటితో కాదు, చేత్తో తొడ పట్టుకుంటే తెలుస్తుంది. గట్టిగా కండ తగలాలి.

30 కిలోల కుక్క, ఇంట్లో ఉండి పొద్దున సాయంత్రం నడకకు పోయేది, రోజుకు సుమారు 1300 నుంచి 1500 కేలరీలు తింటే చాలు. సంగటి విషమేమీ కాదు. జొన్నరొట్టె, పెరుగన్నం కూడా తినొచ్చు. కానీ ఒంట్లో సగం కండ ఉన్న జంతువును ఒక్క సంగటితో నడపలేం. కోడిమాంసం, గుడ్డు, కొంచెం కాలేయం ఉండాలి, లేదంటే మంచి రకం ప్యాకెట్ ఫుడ్. ఇంట్లో మిగిలిన కూర మాత్రం వద్దు. మన కూరల్లో ఉల్లి, వెల్లుల్లి లేనిది ఏది? ఆ రెండూ కుక్క ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ఉడికిన కోడి ఎముకలు పేగుల్లో గుచ్చుకుంటాయి.

మన జిల్లా కాబట్టి ఇంకో మాట. చెనక్కాయలు. నాలుగు గింజలు తింటే ఏమీ కాదు. కానీ బూజు పట్టినవి, అమ్ముడు పోక పక్కన పడేసినవి, నూనె తీశాక మిగిలి పాతబడ్డ చెక్క, ఇవి కుక్క నోటికి అందే చోట పెట్టొద్దు. తేమ తగిలిన చెనక్కాయల్లో పెరిగే బూజు నుంచి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. అది కాలేయాన్ని తినేస్తుంది. పశువు కంటే కుక్క దానికి తొందరగా లొంగుతుంది. కళ్లు పచ్చబడి, తిండి మానేసి, వాంతులతో వచ్చే కుక్క ఇంట్లో చెనక్కాయల మూటలు ఎక్కడున్నాయని అడగడం నాకు అలవాటైంది.

తిండి రెండు పూటలుగా పెట్టండి. తినడానికి ముందు ఒక గంట, తిన్నాక ఒక గంట పరుగు వద్దు. రొమ్ము లోతుగా ఉండే కుక్కల్లో కడుపు ఉబ్బి మెలి తిరిగే ప్రమాదం ఉంది. పొట్ట ఉబ్బుతుంది, వాంతికి ప్రయత్నిస్తుంది, ఏమీ రాదు, నిలవలేదు, కూర్చోలేదు. అట్లా కనబడితే సోడా తాగించడం, వాము నీళ్లు పోయడం పెట్టుకోకండి. గంటల్లో ప్రాణం పోతుంది. వెంటనే ఆపరేషన్ చేసే చోటికి పట్టుకుపోవాల్సిందే.

ఇప్పుడు ఎండ. కర్నూలు, నంద్యాల, కడపల్లో ఏప్రిల్, మే నెలలు ఎట్లుంటాయో మీకు తెలుసు. 42, 44 డిగ్రీలు మనకు వార్త కాదు. గ్రేహౌండ్ రేసు పరిగెత్తి ఆగిన వెంటనే దాని ఒంటి వేడి 41 డిగ్రీల దగ్గరికి పోవడం మామూలే. చుట్టూ గాలి చల్లగా ఉంటే ఆ వేడి నెమ్మదిగా దిగుతుంది. మన మే నెల గాలిలో ఎక్కడికి దిగుతుంది? అందుకే ఎండాకాలం నడక తెల్లవారుజామున, సూర్యుడు రాకముందే. సాయంత్రం ఏడైనా తారు రోడ్డు కాలుతూనే ఉంటుంది. చెయ్యి వెనకవైపు రోడ్డుకు ఆనించి ఏడు లెక్కపెట్టేదాకా ఉంచండి. ఉంచలేకపోతే కుక్క కూడా నడవలేదు. అది చెప్పదు, మీతో పాటు నడుస్తుంది.

మనకున్న ఒక మంచి విషయం, మన ఎండ పొడి ఎండ. విజయవాడలో కూలర్ పెడితే చెమట చిటచిట, ఇక్కడ కూలర్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఏసీ లేదని బెంగపడకండి. కిటికీ తెరిచి కూలర్ పెట్టండి, మధ్యాహ్నం పదకొండు నుంచి ఐదు దాకా కుక్క దాని ముందు పడుకోవాలి. మిద్దె మీద రేకుల షెడ్డులో కట్టేస్తామంటే ఈ కుక్క వద్దు.

వడదెబ్బ తగిలితే ఏం చేయాలో గుర్తుపెట్టుకోండి. ఆగకుండా రొప్పుతుంది, నోటి నుంచి జిగురుగా చొంగ కారుతుంది, చిగుళ్లు ఎర్రగా మారతాయి, తూలుతుంది. ముందు చల్లబరచాలి, తర్వాతే ఆసుపత్రి. కుళాయి నీళ్లు ఒళ్లంతా, ముఖ్యంగా పొట్ట, తొడల లోపలి వైపు, ధారగా పోస్తూ ఫ్యాను పెట్టండి. మనవాళ్లు తడి గోనెసంచి కప్పి వదిలేస్తారు. కప్పి వదిలేస్తే దాని కింద వేడి బయటికి పోదు. పోస్తూనే ఉండాలి, గాలి తగులుతూనే ఉండాలి. అది కాస్త తేరుకున్నాక బండి ఎక్కించండి, అద్దాలు దించండి.

చలికాలం గురించి ఎవరూ అడగరు. డిసెంబరు రాత్రుల్లో అనంతపురంలో మనమే దుప్పటి కప్పుకుంటాం. ఒంటి మీద కొవ్వు లేని కుక్కకు ఇంకెంత చలి? పాత స్వెటర్ చేతులు కత్తిరించి తొడిగినా పని జరుగుతుంది.

మన ఇళ్లలో ఇంకో సమస్య, నేల. కడప బండలు, బేతంచెర్ల బండలు, మీద పాలిష్. మనకు చల్లగా హాయి. గ్రేహౌండ్‌కు రెండు ఇబ్బందులు. ఒకటి, మోచేతుల దగ్గర, తుంటి దగ్గర ఎముకకు చర్మానికి మధ్య మెత్తదనం ఏమీ లేదు. బండ మీద పడుకుంటే నెలల్లో అక్కడ కాయ కాస్తుంది, పుండు పడుతుంది. పరుపు మందంగా ఉండాలి, కుక్క పడుకున్నాక మీ చెయ్యి దాని మోచేతి కింద పెడితే నేల తగలకూడదు. రెండోది, జారుడు. పాలిష్ బండ మీద కాళ్లు విడిపోయి పడితే ఆ తర్వాత అది హాల్లోకే రాదు, గుమ్మంలో నిలబడి చూస్తూ ఉంటుంది. గోనె పట్టాలో, రబ్బరు మ్యాట్లో దారి పొడుగునా వేయండి. ఇంట్లో ఆడవాళ్లు ఒప్పుకోరంటారా? ఒప్పించండి, కుక్కను తెచ్చింది మీరే కదా. (నవ్వులు)

ఇప్పుడు కొంచెం ఓపిగ్గా వినండి. ఈ రోజు మీరు ఇంటికి తీసుకుపోవాల్సింది ఈ రక్తపరీక్ష సంగతే.

మన ప్రాంతంలో కుక్కల డాక్టర్ దగ్గరికి వచ్చే జబ్బుల్లో పిడుదుల జ్వరం ముందుంటుంది. కుక్క పిడుదు మోసుకొచ్చే ఎర్లికియా అనే సూక్ష్మజీవి వల్ల వస్తుంది. జ్వరం, తిండి మానేయడం, చిగుళ్లు పాలిపోవడం, ముక్కు నుంచి రక్తం, పొట్ట చర్మం మీద ఎర్రటి చుక్కలు. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. మామూలు కుక్కకు ప్లేట్‌లెట్లు 2 లక్షల నుంచి 5 లక్షల దాకా ఉంటాయి. గ్రేహౌండ్‌కు ఏ జబ్బూ లేకుండానే లక్షన్నర, ఒక్కోసారి లక్ష దగ్గర్లో ఉంటాయి. అది దాని పుట్టుక. ల్యాబ్ కాగితం మీద మాత్రం ఎర్ర సిరాతో 'తక్కువ' అని వస్తుంది. యజమానికి టెన్షన్. జ్వరం లేని కుక్కకు కూడా పిడుదుల జ్వరం మందు మొదలవుతుంది.

ఇంకో వైపు నుంచి చూడండి, ఇది మరీ ప్రమాదం. రక్తంలో ఎర్ర కణాల వాటాను పీసీవీ అంటాం. మామూలు కుక్కకు 37 నుంచి 55 శాతం దాకా. గ్రేహౌండ్‌కు 50 నుంచి 65 దాకా. పరుగు కోసం పెంచిన జాతి కాబట్టి ఆక్సిజన్ మోసే కణాలు ఎక్కువ. అమెరికా లాంటి చోట్ల కుక్కల రక్తదానానికి ఈ జాతిని ఇష్టంగా వాడేది అందుకే. సరే, ఇప్పుడు మీ గ్రేహౌండ్‌కు నిజంగానే పిడుదుల జ్వరం వచ్చి పీసీవీ 40కి పడిపోయింది అనుకోండి. ల్యాబ్ కాగితం మీద 40 అంటే 'నార్మల్'. అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కానీ దానికి ఉండాల్సిన రక్తంలో ఎంతో పోయినట్టు. జబ్బు లేనప్పుడు ఉందని చెప్పే కాగితం, జబ్బు ఉన్నప్పుడు లేదని చెబుతుంది.

ఇంతటితో అయిపోలేదు. థైరాయిడ్ హార్మోను ఈ జాతిలో పుట్టుకతోనే తక్కువ. తొడల వెనక బొచ్చు రాలడం కూడా వీటిలో మామూలే. ఈ రెండూ కలిపి చూసి 'థైరాయిడ్' అని ముద్ర వేసి జీవితాంతం మాత్రలు మింగించిన కుక్కలు ఉన్నాయి. మూత్రపిండాల పరీక్షలో చూసే క్రియాటినిన్ కొంచెం ఎక్కువ ఉంటుంది, కండ ఎక్కువ కాబట్టి. గుండె పెద్దది, ఎక్స్‌రేలో చూస్తే గుండె వాచిందనుకుంటారు. బీపీ కూడా మిగతా కుక్కల కంటే పైనే.

అందుకని మీరు చేయాల్సిన పని ఒకటి. కుక్క ఏడాదిన్నర, రెండేళ్ల వయసులో, ఏ జబ్బూ లేకుండా గంతులేస్తున్నప్పుడు, ఒకసారి రక్తపరీక్ష మొత్తం చేయించి ఆ కాగితం దాచండి. రేపు జబ్బు చేస్తే పోల్చుకోవాల్సింది పుస్తకంలో ఉన్న అంకెతో కాదు, దాని సొంత అంకెతో. జబ్బు లేని కుక్కకు పరీక్ష దండగ అనుకునేవాళ్లు ఉన్నారు. నాకైతే ఈ ఒక్క కాగితం అన్ని టానిక్కుల కంటే విలువైనది.

పిడుదులు రాకుండా చూసుకోవడం ఎట్లా అంటారా? ముందు ఏం చేయకూడదో చెబుతాను. చేనుకు కొట్టే పురుగుమందు నీళ్లలో కలిపి కుక్కకు పూయడం. పశువులకు వాడే మందు కొలత లేకుండా పోసి స్నానం చేయించడం. పల్లెల్లో ఇది మామూలైపోయింది. ఏ కుక్కకైనా ప్రమాదమే, చర్మం పలుచన, కొవ్వు తక్కువ ఉన్న ఈ కుక్కకు మరీ. నోట్లో నురగ, వణుకు, ఫిట్స్‌తో తీసుకొస్తారు. ఇప్పుడు నెలకొకసారో మూడు నెలలకొకసారో ఇచ్చే నమిలే మాత్రలు ఉన్నాయి, బరువు చూసి డాక్టర్ రాస్తారు. ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉంటే ముందే చెప్పండి. మందు కుక్కకు వేసి ఇల్లు వదిలేస్తే లాభం లేదు. మన కుక్కల పిడుదు గోడ పగుళ్లలో, బండల సందుల్లో గుడ్లు పెడుతుంది, వేలల్లో. రాతిగోడ ఇళ్లలో ఆ సందులు సిమెంటుతో పూడ్పించడం కూడా వైద్యమే.

నిజంగా జబ్బని తేలితే డాక్సీసైక్లిన్ 28 రోజులు వాడాలి. ఐదో రోజుకే కుక్క తోక ఊపుతుంది, మీరు మందు ఆపేస్తారు. ఆపొద్దు.

మత్తుమందు సంగతి. పాత మందు ఒకటుంది, థయోపెంటోన్. చవక, అందరికీ అలవాటు. మామూలు కుక్కల్లో ఆ మందు కొవ్వులోకి సర్దుకుని, కాలేయంలో విరిగిపోయి, కుక్క లేస్తుంది. గ్రేహౌండ్‌లో సర్దుకోవడానికి కొవ్వు లేదు, కాలేయంలో దాన్ని విరిచే ఎంజైము పని మందం. లేవాల్సిన కుక్క గంటల తరబడి లేవదు, ఒక్కోసారి ఎప్పటికీ లేవదు. దీనికి బదులు వేరే మందులు ఉన్నాయి. మీ కుక్క ఫైలు అట్ట మీద మీరే పెద్ద అక్షరాలతో రాయండి: 'గ్రేహౌండ్, థయోపెంటోన్ వద్దు'. డాక్టర్‌కు నువ్వు చెబుతావా అని ఎవరైనా అంటే అననివ్వండి.

ఆపరేషన్ బాగా జరిగి ఇంటికి వచ్చాక కూడా రెండు రోజులు కన్నేసి ఉంచండి. ఈ జాతిలో కొన్నిటికి ఒక రోజున్నర, రెండు రోజుల తర్వాత ఉన్నట్టుండి రక్తం కారడం మొదలవుతుంది. కట్టిన రక్తపు గడ్డ ముందే కరిగిపోతుంది. కుట్ల చుట్టూ చర్మం నల్లగా కమిలితే ఫోన్ చేయండి. ట్రనెక్సామిక్ యాసిడ్ అనే మందు దీనికి పనికొస్తుంది, మన మెడికల్ షాపుల్లో దొరికేదే, కానీ మీరు సొంతంగా కొనివ్వకండి. మీ డాక్టర్‌ను ఆపరేషన్‌కు ముందే అడగండి.

పరుగు గురించి. మామూలు బెల్టు దీనికి పనికిరాదు. మెడ తల కంటే లావు, వెనక్కి గుంజితే బెల్టు ఊడి మీ చేతిలో ఉంటుంది. లాగితే కొద్దిగా బిగుసుకునే మార్టింగేల్ రకం, రెండు అంగుళాల వెడల్పుది కావాలి. ఇక్కడ దొరక్కపోతే తోలు పని చేసేవాళ్లకు కొలత ఇచ్చి కుట్టించండి. ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో వదిలేస్తాం, పిలిస్తే వస్తుంది అంటారు. వస్తుంది, ఉడుత కనబడనంతవరకు. అది కంటితో వేటాడే జాతి. కదిలేది కనబడితే చెవులు పనిచేయడం ఆగిపోతుంది. ప్రేమ లేక కాదు. నాలుగు వైపులా గోడ ఉన్న చోట మాత్రమే వదలండి.

చేలల్లో వదలడం మరీ తప్పు. పందుల కోసం కట్టిన సన్నటి తీగలు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే కుక్కకు కనబడవు. కరెంటు తీగలు కట్టేవాళ్లూ ఉన్నారు. తుమ్మముళ్లు, పల్లేరుకాయలు సరేసరి. పరుగులో పట్టుకున్న తుమ్మముల్లు ఆ పలుచటి చర్మాన్ని జానెడు చీల్చగలదు. ఉరవకొండ, వజ్రకరూరు వైపు నల్లరేగడి చేలల్లో కృష్ణజింకలు తిరుగుతుంటాయి. మన రాష్ట్ర జంతువు అది. మీ కుక్క దాని వెంట పడితే రైతు ఏమంటాడో తర్వాత సంగతి, అటవీశాఖ ముందు వస్తుంది.

ఇక్కడ ఒక మాట కఠినంగా చెప్పాలి. గ్రేహౌండ్ కావాలని వచ్చే కుర్రాళ్లలో కొందరు కుందేళ్ల కోసమే అడుగుతారు. రాత్రి టార్చిలైటు, బైకు, కుక్క. కుందేలు కూడా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్న జంతువే, కుక్కతో పట్టించినా వేటే. చట్టం పక్కన పెట్టినా, ఆ కుక్కలు నా దగ్గరికి ఏ స్థితిలో వస్తాయో నాకు తెలుసు. విరిగిన మణికట్టు, ఊడిన గోళ్లు, చీలిన తొడ. కాలు విరిగాక దాన్ని ఊరి బయట వదిలేసి కొత్తది కొంటారు. అట్లాంటివాళ్లు ఈ సభలో ఉంటే నేను చెప్పేది మీకు నచ్చకపోవచ్చు. నచ్చాల్సిన పని లేదు.

రేసుల కథ కూడా దాదాపు ఇంతే, కాస్త పెద్ద ఎత్తున. 1919లో అమెరికాలో ఓవెన్ స్మిత్ అనే ఆయన యంత్రంతో కదిలే ఉత్తుత్తి కుందేలును పెట్టి గుండ్రటి ట్రాక్ మీద పరుగు నడిపాడు. ఆ ఆట 1926లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌కు వచ్చింది. మిక్ ద మిల్లర్ అనే కుక్క 1929లో, 1930లో ఇంగ్లిష్ డెర్బీ అనే పెద్ద పందెం గెలిచి సినిమా తారంత పేరు తెచ్చుకుంది, చనిపోయాక దాని దేహాన్ని మ్యూజియంలో పెట్టినారు. గెలవని వేల కుక్కలను ఎక్కడ పెట్టినారో ఎవరూ రాసిపెట్టలేదు. ఇప్పుడు ఆ ఆట తగ్గిపోతోంది. ఫ్లోరిడా జనం 2018లో ఓటేసి వద్దన్నారు, 2020 ఆఖరుకు అక్కడ రేసులు ఆగిపోయినాయి. న్యూజిలాండ్ 2024 డిసెంబరులో ఆపేస్తామని ప్రకటించింది. ఆ దేశాల్లో రేసు నుంచి దిగిన కుక్కలను ఇళ్లలో పెంచుకుంటారు. మెట్లు, అద్దం తలుపు, టీవీ చప్పుడు, ఏవీ తెలియని పెద్ద కుక్కలకు ఇల్లంటే ఏమిటో నేర్పుతారు. మనకు ఇక్కడ దొరికేవి పెంపకందార్ల దగ్గర పుట్టిన పిల్లలు. పిల్ల అయితే ఏడాదిన్నర దాకా ఎముక గట్టిపడదు, అంతవరకు బైకు వెనక పరిగెత్తించొద్దు. ఆ తర్వాత కూడా వద్దు.

ఇక ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: సార్, మాది పామిడి. తోట దగ్గర కాపలాకు పనికొస్తాదా?

దొంగ వస్తే లేచి చోటిస్తుంది, తాత. (నవ్వులు) నిజంగా చెబుతున్నా, మొరిగే జాతి కాదు. పైగా తోటలో ఒంటరిగా ఉంచితే దిగులుపడుతుంది. మీకు కావాల్సింది ఊళ్లో పుట్టిన నాటు కుక్క. టీకాలు వేయించి, కడుపునిండా పెట్టండి, దానికి మించిన కాపలా లేదు.

ప్రశ్న: పిల్లలున్న ఇల్లు సార్ మాది. కరుస్తుందా?

చాలా సాధువు. ఒక్కటే జాగ్రత్త, కొన్ని కుక్కలు కళ్లు తెరిచే నిద్రపోతాయి. మేలుకొని ఉందనుకొని పిల్లలు మీద పడితే ఉలిక్కిపడి నోరు వేస్తుంది. దాని పరుపు దానిదే, పిల్లలు అక్కడికి పోకూడదు. లేపాలంటే దూరం నుంచి పేరు పెట్టి పిలవాలి. కోళ్లు, పిల్లులు, మేకపిల్లలు ఉన్నాయా? కోళ్లుంటే ఆలోచించుకోమ్మా.

ప్రశ్న: గ్రేహౌండ్ బదులు ముధోల్ జాతి కుక్కను తీసుకుంటే?

మంచి ప్రశ్న. నన్నడిగితే అనంతపురంలో ఉండేవాళ్లకు ముధోలే మేలు. మనకు పక్కనే, కర్ణాటకలో బాగల్‌కోట్ జిల్లా. మన దక్కను ఎండలో, మన ముళ్లలో తరాలుగా పెరిగిన జాతి. అక్కడ దానికోసం పరిశోధనా కేంద్రం కూడా ఉంది, 2016లో సైన్యం కూడా పిల్లలను తీసుకుని శిక్షణ ఇచ్చింది. అదీ కంటితో వేటాడేదే కాబట్టి బెల్టు, గోడ, కోళ్లు, ఈ జాగ్రత్తలన్నీ దానికీ వర్తిస్తాయి. కొత్తవాళ్లతో గ్రేహౌండ్ అంత కలివిడిగా ఉండదు. మత్తుమందు విషయంలో కూడా సన్నటి కుక్క అని డాక్టర్‌కు గుర్తుచేయండి.

ప్రశ్న: సార్, మా గ్రేహౌండ్‌కు ఎనిమిదేళ్లు. ముందర కాలు కుంటుతా ఉంది, మూడు వారాలైంది. బెణికిందని నూనె రాసి మర్దన చేస్తున్నాం. తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తా ఉంది.

మణికట్టుకు కొంచెం పైన వాపు ఉందా? ముట్టుకుంటే కాలు లాక్కుంటుందా? ... ముందు ఆ మర్దన ఆపండి. ఈరోజు నుంచే. భయపెట్టాలని కాదు, కానీ ఈ జాతిలో, ఈ వయసులో తగ్గని కుంటి అంటే ఎముక క్యాన్సర్ ఉందేమో ముందు చూడాలి. మణికట్టు దగ్గర, భుజం దగ్గర, వెనక కాలు మోకాలి చుట్టూ వస్తుంది. ఎముక లోపల గుల్లబారి ఉంటుంది, గట్టిగా నొక్కినా, మంచం మీది నుంచి దూకినా విరగొచ్చు. ఎక్స్‌రే తీస్తే చాలావరకు తెలిసిపోతుంది, రేపే తీయించండి, రెండు కోణాల్లో. అది కాకపోతే మంచిదే, అరికాలి మెత్తల్లో ఆనెకాయ ఉన్నా, ముల్లు విరిగి లోపల ఉండిపోయినా ఇట్లాగే కుంటుతుంది. క్యాన్సరే అయితే నొప్పి తగ్గించే మార్గాలు చాలా ఉన్నాయి, కాలు తీసేసినా మూడు కాళ్లతో బాగానే తిరిగే కుక్కలున్నాయి. తిరుపతి వెటర్నరీ యూనివర్సిటీ ఆసుపత్రి ఉంది, బెంగళూరు ఉంది, ఎక్కడికి పోవాలో ఎక్స్‌రే చూసి మాట్లాడుకుందాం.

కుక్కను తీసుకొచ్చినారా? బయట కారులోనా? తలుపులేసి ఉందా? ముందు దాన్ని లోపలికి తీసుకురాండి అన్నా, తొమ్మిదిన్నర దాటింది, ఎండ ఎక్కింది. మిగతావాళ్లు టీ తాగుతూ ఉండండి, నేను దాని కాలు చూసి వస్తాను.